నూట అరవై ఎనిమిది దగ్గర

డెబ్బై ఏడు. తెర మీద అంకె కదలడం లేదు. కదలకూడదు కూడా, కెల్విన్ లెక్కలో ద్రవ నైట్రోజన్ మరిగే చోటు అది, మంచుగడ్డ కంటే దాదాపు రెండొందల డిగ్రీలు కింద, ఎంతటి వస్తువైనా అక్కడికొచ్చి కాసేపు బుద్ధిగా నిలబడాల్సిందే. గడియారంలో పది దాటి రెండు నిమిషాలు. పదకొండింటికి పై అంతస్తులో మా కొత్త బిళ్ళ సంగతి తేల్చే నిపుణుల సంఘం కూర్చుంటుంది. వాళ్ళ ముందు పెట్టే నివేదికకి నాలుగు పేజీలుండాలి. మూడు పైకి వెళ్ళిపోయాయి. నాలుగోది నా కొలతల పేజీ, అది వద్దన్నారు. వద్దనడమంటే చింపెయ్యమని కాదు, అంత మోటుగా మాట్లాడే మనిషి కాదు మా ప్రయోగశాల పెద్దాయన. "ఆ పేజీ ప్రస్తుతానికి నీ దగ్గరే ఉండనీ అమ్మా," అన్నారు నిన్న మధ్యాహ్నం, కళ్ళజోడు తుడుచుకుంటూ. నా మొహం మసగ్గా కనబడాలనే తీసి తుడుచుకున్నారేమో. నేను కదలకుండా నిలబడితే ఇంకో మాట కూడా అన్నారు. "నీ పని కొలవడం. అర్థం చెప్పడం నా పని." ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. సరే. నా పని కొలవడమే కదా. అందుకే ఇవాళ పొద్దున ఏడింటికే వచ్చి ఆ నల్ల బిళ్ళను మళ్ళీ తీశాను, చొక్కా బొత్తామంత ఉంటుంది, సన్న రంపంతో రెండు ముక్కలు చేశాను, ఒకదాన్ని అయస్కాంతం నడుమ వేలాడదీశాను, రెండోదాన్ని వేడి కొలిచే చిన్న బల్ల మీద చిటికెడు గ్రీజుతో అతికించాను, రెండింటినీ చల్లార్చాను. ఇప్పుడు నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున వెచ్చబడతాయి. తొందరపెట్టడానికి లేదు. పైనున్న వాళ్ళకి ఎంత తొందరున్నా దీనికి లేదు.

ఎనభై. బయలుదేరింది. తెర మీద రెండు గీతలు, పైది అయస్కాంతానిది, కిందది వేడిది, చుక్క పక్కన చుక్కగా పుట్టుకొస్తున్నాయి. పంపు శబ్దం తప్ప గదిలో ఇంకేమీ లేదు. ఈ బిళ్ళ నూట అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర కరెంటుకి అడ్డు చెప్పడం పూర్తిగా మానేస్తుందట. మామూలు గాలి ఒత్తిడిలో ఇంత పై అంకె దగ్గర ఇంతకుముందెవరికీ దొరకలేదని నెల క్రితం విలేకరులను పిలిచి చెప్పారు, పెద్దాయన ఫొటో వేశారు పత్రికల్లో, పక్కన పిచ్చుక. పిచ్చుకంటే ఆయన దగ్గర పరిశోధన చేసే పిల్ల, గింజలు ఏరుకున్నట్టు తింటుందని ఆ పేరు నేనే పెట్టాను. నాలుగేళ్ళుగా కొలిమి దగ్గర కూర్చుని ఇలాంటి బిళ్ళలు మూడొందల దాకా కాల్చింది. ఫొటోలో ఆ పిల్ల నవ్వలేదు. అప్పుడు నాకు తట్టలేదు. కరెంటు ఆగకుండా పారితే చాలదు, నిజంగా అతివాహకమైతే అయస్కాంతాన్ని తన ఒంట్లోంచి బయటికి నెట్టెయ్యాలి, ఆ మారే క్షణంలో వేడి పుచ్చుకునే తీరు కూడా ఒక్క మెట్టు గెంతాలి. ఆ రెండూ చూడాల్సింది నేను. రెండు వారాల క్రితం చూశాను. నెట్టనూ లేదు, గెంతనూ లేదు. మూడుసార్లు చూశాను. నాలుగోసారి ఇది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయన లిఫ్టులు మరమ్మతు చేస్తాడు, చేతులకి ఎప్పుడూ నూనె వాసన, ఆయన సంతకం పెడితే గానీ లిఫ్టులో మనిషి అడుగు పెట్టడానికి లేదు. అంతా విని ముద్ద నోట్లో పెట్టుకుని అన్నాడు, "నేను దొంగ సంతకం పెడితే జనం పోతారు. నీ బిళ్ళ మీద ఎవరెక్కుతారే? ఎవరికి దెబ్బ? ఆయనకి రెండు నెలల్లో రిటైర్మెంటు. పోనిద్దూ." వెటకారమేం కాదు, నిజంగానే అడిగాడు. నాకు జవాబు తోచలేదు. కంచం తీసేశాను.  ఇప్పుడు తోస్తోంది, ఎనభై ఆరు దగ్గర, ఎందుకిప్పుడో తెలీదు. ఎక్కేవాళ్ళు ఉన్నారు. ఎక్కేశారు కూడా. ఇంకో ఊళ్ళో ఇంకో ప్రయోగశాల నుంచి ఎవరో కుర్ర పరిశోధకురాలు కిందటి సోమవారం నాకు ఉత్తరం రాసింది, పెద్దాయనకి రాస్తే జవాబు రాలేదట, "మూడు వారాలుగా మీ పద్ధతిలోనే కాలుస్తున్నాం మేడం, మాకు రావడం లేదు. మా చేతుల్లోనే ఏదో లోపముంది. ఏ దశలో తప్పుతున్నామో దయచేసి చెప్పగలరా?" మా చేతుల్లోనే లోపం అంది. లేని మెట్టు మీద కాలు మోపబోయి తన కాళ్ళనే తిట్టుకుంటోంది పిచ్చిపిల్ల. ఎవరికి దెబ్బ అంటే, ఇదిగో, ఈవిడకి. సాయంత్రం ఇంటికెళ్ళగానే చెప్పాలి ఆయనకి. ముద్ద నోట్లో ఉండగానే చెప్పాలి.

తొంభై రెండు. అదిగో, పై గీత చిన్న తల ఎగరేసింది, వెంటనే సర్దుకుంది. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే గంతేస్తారు. నేను గంతెయ్యను. ఇది పాత చుట్టం, అతివాహకమని పాతికేళ్ళకి పైగా అందరూ ఎరిగున్న నల్ల పదార్థం, బిళ్ళలో వందకి రెండు పాళ్ళు అదే కలిసిపోయి ఉంది, తొంభై రెండు దగ్గర దాని బలం సరి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తోంది నా యంత్రం, వందకి రెండు పాళ్ళున్నా పట్టేసింది, అలాంటిది వందకి వందా మారిపోతే చూడకుండా ఊరుకుంటుందా? గంతెయ్యడం సంగతి నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన ఆర్నెల్లకి నేనూ గంతేశాను. వేడి గీతలో చక్కటి గూను కనబడింది, మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి పెద్దాయన తలుపు తోసి "సార్, దొరికింది!" అని అరిచాను. అప్పటికాయన పెద్దాయన కాదు, జుట్టంతా నలుపే. కిందికొచ్చారు, గీత చూశారు, బిళ్ళ తీసెయ్యమన్నారు, ఖాళీ బల్ల మీద ఒట్టి గ్రీజు పెట్టి మళ్ళీ కొలవమన్నారు. నాలుగు గంటలు నా పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. అదే గూను. "దొరికింది," అన్నారు, "గ్రీజు!" ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. అప్పట్నుంచీ నేను గ్రీజమ్మని, ఈ భవనంలో నా అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. ఆ రోజు ఆయన చెప్పింది నాకు జ్ఞాపకముంది, వేరే ఎవరూ చెప్పలేదు అలా. "నీకు కావలసింది కనబడ్డప్పుడే ఎక్కువ అనుమానపడు. అక్కర్లేనిది కనబడితే అదెలాగూ నిజమే." అలాంటి మనిషి. ఈ గదిలో ఆడవాళ్ళు నైట్రోజన్ పాత్ర మొయ్యలేరని ఎవడో అంటే, మాట్లాడకుండా పాత్ర తెచ్చి నా చేతికిచ్చి "పొయ్యమ్మా" అన్న మనిషి. ఆయన్ని నేను ధిక్కరించాలా? ఆయన మీదికే ఆయన్ని పంపుతున్నాను. కోపమొస్తే రానీ. ఆయన మీద నాకు లేదా కోపం? కొండంత ఉంది.

నూట పది. వేలిముద్రలు పడ్డ అద్దం తుడిచాను, తుడవక్కర్లేకపోయినా. చేతికేదో పని ఉండాలి. మా అమ్మ చేతులూ అంతే, ఉత్తినే ఉండేవి కావు. ఆసుపత్రిలో నర్సు. తెల్ల దుస్తులు ఎండలో ఆరేస్తే గంజికి పలకల్లా నిలబడేవి. నేను ఈ ఉద్యోగంలో చేరిన ఏడాది, నా పని ఏమిటని అడిగితే, ఇలా థర్మామీటర్లు చూసి అంకెలు రాయడమే అమ్మా అన్నాను.  బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. ఎప్పుడో, నేను పుట్టకముందు, వార్డులో ఒక పసిపిల్ల. జ్వరం నూట అయిదు. డాక్టరుకి కబురు పెట్టింది, రాలేదు, మళ్ళీ పెట్టింది, రాలేదు. పిల్ల పోయాక వచ్చాడు. చార్టులో నూట అయిదు ఉండకూడదన్నాడు, నూట ఒకటి అయితే తను రాకపోవడంలో తప్పు లేదు. అయిదుని ఒకటి చెయ్యడం కుదరదుగా, అందుకని కొత్త కాగితం తీసుకుని చార్టు మొత్తం మళ్ళీ రాసిందట అమ్మ, సిరా రంగు తేడా రాకూడదని అదే పెన్నుతో. "రాసేశాక నాకు బాగా ఆకలేసింది. వెళ్ళి భోంచేశాను. కడుపునిండా తిన్నాను," అంది. "అది మాత్రం మర్చిపోలేకపోతున్నానే." నువ్వు అలా చెయ్యకు అనలేదు. నీతులు చెప్పే అలవాటు లేదు ఆవిడకి. బియ్యం చేట తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నేనేం అడగలేదు, ఆ పిల్ల పేరేమిటని కూడా. అడగాల్సింది. ఆవిడకి తెలిసే ఉంటుంది.

నూట ఇరవై ఆరు. తలుపు తీసిన చప్పుడు. వెనక్కి తిరక్కుండానే తెలిసింది, అడుగులు పిచ్చుకవే, చెప్పులు నేలకి ఆనవు.

"సార్ పంపారు మేడం. నాలుగో పేజీ మీ దగ్గరే ఉందా అని కనుక్కోమన్నారు."

"ఇంకా పుడుతోంది. చూడు కావాలంటే."

చూడలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది, ఒళ్ళో రెండు చేతులూ పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లలా.  నూట ఇరవై ఏడు వచ్చింది, నూట ఇరవై ఎనిమిది వచ్చింది. కొలతల గదిలో మౌనంగా కూర్చోవడం నాకు ఉద్యోగం, అలవాటు లేని వాళ్ళే ముందు నోరు విప్పుతారు.

"తీగ ఊడింది మేడం."

"ఏ తీగ?"

"ఆ రోజు, కరెంటు కొలిచినప్పుడు. బిళ్ళకి నాలుగు తీగలు అతికించాను కదా వెండి పూతతో. వోల్టేజి తీగ దగ్గర పూత పగిలింది. నూట అరవై ఎనిమిది దాకా అతుక్కునే ఉంది, ఇంకా చల్లబడేసరికి విడిపోయింది. తీగ ఊడితే సున్నా చూపిస్తుంది కదా. నేను నిజం సున్నా అనుకున్నాను. సార్ కూడా." స్టూలు అంచు గోరుతో గీకింది. "రెండ్రోజుల తర్వాత సూక్ష్మదర్శినిలో చూశాను, పగులు కనిపించింది. అప్పటికే విలేకర్లు వచ్చి వెళ్ళిపోయారు."

"చెప్పావా ఆయనకి?"

తల అడ్డంగా ఊపింది. "మూడుసార్లు వెళ్ళాను గది దాకా. ఒకసారి ఎవరో పూలగుత్తి ఇస్తున్నారు. ఒకసారి ఫోన్లో ఉన్నారు. మూడోసారి ఒక్కరే ఉన్నారు. నన్ను చూసి రా తల్లీ అన్నారు. ఇంక చెప్పలేకపోయాను."

లేచి నాలుగు తగిలిద్దామనిపించింది. నిజంగానే చెయ్యి దురద పెట్టింది. రెండు వారాలుగా నేను నిద్ర మానుకుని గ్రీజు మార్చి, తాళ్ళు మార్చి, అయస్కాంతం ఆపి మళ్ళీ వేసి, నా యంత్రాన్నీ నన్నూ అనుమానించుకుంటూ ఉంటే, ఈ పిల్ల ఆ పగులుని జేబులో వేసుకుని తిరుగుతోంది! మూడు వారాలుగా అక్కడెవత్తో తన చేతుల్ని తిట్టుకుంటోంది! పెద్దాయన నిన్న నాతో ఏమన్నారు? "బిళ్ళంతా మారకపోవచ్చు. లోపల ఎక్కడో దారమంత సన్నటి దారి ఒక్కటి మారినా కరెంటు పారుతుంది. నీ యంత్రానికి దారం దొరకదు." నిజమే, దొరకదు. ఆ దారం పట్టుకునే ఇన్ని రోజులు వేలాడారు ఆయన. అది దారం కాదు, ఊడిపోయిన తీగ. ఇన్ని మాటలూ నోటి దాకా వచ్చాయి. కానీ ఆ పిల్ల వేళ్ళ మీద కొలిమి మచ్చలు కనిపించాయి, చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య కందిన చర్మం, మూడొందల బిళ్ళల మచ్చ అది. రా తల్లీ అంటే నేనైనా చెప్పగలిగేదాన్నా? చెప్పగలిగేదాన్ననే అనుకుంటాను. ఇరవై ఆరేళ్ళప్పుడు కాదేమో.

"ఏడవకు, ఏడిస్తే తేమ," అన్నాను. "ఆ బల్ల తేమని కూడా కొలిచేస్తుంది."

నవ్వబోయి ఏడ్చేసింది. ఏడవనిచ్చాను.

నూట నలభై. నూట నలభై నాలుగు. పది గంటల ముప్పై ఆరు. ఇద్దరం తెర వైపే చూస్తున్నాం. కింది గీత మెల్లగా, నిండు గర్భిణి మెట్లెక్కినట్టు, పైకి పోతోంది, ఎక్కడా తూలడం లేదు. ఇంత పెద్ద వేడిలో ఆ మెట్టు ఉంటే గింటే వందో వంతు ఉంటుంది, బియ్యపు బస్తా తూచి అందులోంచి గుప్పెడు తీశారో లేదో చెప్పడం లాంటిది. చెప్పగలను. చెప్పగలనని తేల్చుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. నా పేరు వెనక డాక్టరేటు లేదు, నేను రాసిన వ్యాసం ఒక్కటీ లేదు, వ్యాసాల చివర కృతజ్ఞతల్లో ఒక పొల్లులాగా ఉంటాను, కొన్నిట్లో అదీ ఉండదు. ఉండకపోతే మానె. బస్తాలో గుప్పెడు తక్కువైతే ఈ భవనంలో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది నేనొక్కదాన్నే. అర్థం చెప్పడం నా పని కాదంటారా? మంచిది, చెప్పను. అంకెలు చెబుతాను. అంకెలకి నోరు లేదనుకున్నారేమో, నాకుంది.

ఫోను మోగింది. ఆయనే. "సంఘం వాళ్ళు వచ్చేశారమ్మా, ముందే మొదలుపెడతారట. ఆ పిల్లని పైకి పంపు. నీ పేజీ సంగతి..." ఆగారు. నేను ఆ ఆగడాన్ని పూరించలేదు. ఎప్పుడూ పూరించేదాన్ని, ఆయన సగం అంటే మిగతా సగం నేను అందుకునేదాన్ని, అందుకే ఇన్నేళ్ళు సాఫీగా సాగింది. "ఇంకో పది నిమిషాలు పడుతుంది సార్," అన్నాను. "అవగానే నేనే తెస్తాను." అవతల ఊపిరి వినబడింది. "వద్దన్నాను కదమ్మా." "విన్నాను సార్," అని ఫోను పెట్టేశాను. ముందుగా ఫోను పెట్టెయ్యడం కూడా ఇదే మొదలు.  

నూట అరవై. నూట అరవై రెండు. పిచ్చుక ఊపిరి బిగబట్టింది. ఎందుకో, దానికి తెలుసుగా ఏమీ రాదని, అయినా బిగబట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ అంతే. రావాలనే కోరుకున్నాను ఆ రెండు నిమిషాలు. గీత తల వంచెయ్యాలని, రెండు వారాల నా కొలతలన్నీ తప్పైపోవాలని, పైకి పరిగెత్తి దొరికింది సార్ అని అరవాలని. కొలిచేవాళ్ళకి కోరిక ఉండదని ఎవరన్నారు? నూట అరవై ఆరు. ఏడు. ఎనిమిది. చుక్క పక్కన చుక్క, నున్నగా. తొమ్మిది. డెబ్బై. పై గీత నేల మీద పరిచిన తాడులా పడుంది. డెబ్బై అయిదు దాకా ఆగాను, లెక్కలోంచి గ్రీజు వేడి తీసేశాను, బల్ల వేడి తీసేశాను, కాగితం మీద అచ్చు వేశాను. డిగ్రీకో వరస, రెండు అంకెలు. కింద సంతకం పెట్టాను, ముద్దుపేరు కాదు, అసలు పేరు, పూర్తిగా.

"నువ్వు రావాలని లేదు," అన్నాను పిచ్చుకతో. "నేను నీ తీగ మాట ఎత్తను. అది నీది."

మెట్లు ఎక్కాను. మోకాళ్ళు ఇదివరకటివి కావు, మూడో మలుపు దగ్గర ఆగాల్సి వచ్చింది. కింద నుంచి నేలకి ఆనని చెప్పుల చప్పుడు. తిరిగి చూడలేదు. సమావేశం గది తలుపు దగ్గర గుమాస్తా లేచి నిలబడ్డాడు. "మిమ్మల్ని పిలవలేదండీ." "తెలుసు," అని తలుపు తోశాను.

పొడుగు బల్ల, అటు అయిదుగురు, ఇటు ఆయన ఒక్కరే. తెర మీద నిలువునా కూలిన కరెంటు గీత, అందంగా ఉంది, ఎవరి కళ్ళకైనా అందంగానే ఉంటుంది. ఆయన నన్ను చూసి సగం లేచి మళ్ళీ కూర్చున్నారు. "మా టెక్నీషియన్," అన్నారు వాళ్ళతో, "బయట ఉండమ్మా." నేను బల్ల చివర నిలబడ్డాను. "అదే బిళ్ళ మీద అయస్కాంత కొలత, వేడి కొలత," అన్నాను. "ఇవాళ పొద్దున చేసినవి. చదువుతాను." అడగలేదు, చదవడం మొదలుపెట్టాను. డెబ్బై ఎనిమిది నుంచి కాదు, అంత సేపు ఇవ్వరని తెలుసు, నూట యాభై నుంచి. అంకె, అంకె, మార్పు లేదు. అంకె, అంకె, మార్పు లేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది, వార్తలు చదివేవాళ్ళ గొంతులా. నూట యాభై ఎనిమిది దగ్గర అధ్యక్షురాలు, నెరిసిన జుట్టు కత్తిరించుకున్న పొడగరి, చెయ్యెత్తింది.

"సన్నటి దారి ఒకటి ఉండి ఉంటే మీ కొలతకి అందదు కదా?"

"అందదండీ."

"మరి?"

 నా దగ్గరున్న జవాబు నాది కాదు. కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"దారి లేదండీ," అంది పిచ్చుక నా వెనక నుంచి. "తీగ ఊడింది. నేను చూశాను. చెప్పలేదు. సార్‌కి తెలీదు." నాలుగు ముక్కలూ ఒక్క ఊపిరిలో అనేసింది, ఇంకో ఊపిరి దొరుకుతుందో లేదో అన్నట్టు.

ఆయన ఆ పిల్ల వైపు చూశారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఒక్కసారిగా ఆ మొహం ఖాళీ అయిపోయింది, దానిమీద ఏముందో నేను రాయలేను. బల్ల మీద అరచెయ్యి బోర్లా పెట్టి, దాన్నే చూస్తూ ఉండిపోయారు. అధ్యక్షురాలు మర్యాదగానే, "చాలమ్మా, మాకు అర్థమైంది. ఇక కూర్చోండి," అంది నాతో.

నేను కూర్చోలేదు. కాగితం దించలేదు. చాలదు. ఇంకా పదిహేడు వరసలున్నాయి, ఒక్కొక్కటీ నేను కూర్చుని కన్నది.

"చదవనివ్వండి," అన్నారాయన.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన మాత్రం నా వైపే చూస్తున్నారు, ఈసారి కళ్ళజోడు తియ్యకుండా. "పూర్తిగా చదవనివ్వండి. విన్నాక ఆ ప్రకటన నేనే వెనక్కి తీసుకుంటాను. విలేకర్లనీ నేనే పిలుస్తాను." తర్వాత మెల్లగా, నాతో, "ఎక్కడున్నావమ్మా?"

"నూట యాభై తొమ్మిది సార్."

"ఊఁ."

చదివాను. నూట అరవై, మార్పు లేదు. నూట అరవై ఒకటి, మార్పు లేదు.  ఆయన ప్రతి అంకెకీ తల ఆడిస్తున్నారు, తెలిసిన పాఠం అప్పజెబితే విన్నట్టు. నూట అరవై ఏడు, మార్పు లేదు.  ఇంకొంచెం పెద్దగా, గుమ్మం బయట గుమాస్తాకి కూడా వినబడేటట్టు అన్నాను: నూట అరవై ఎనిమిది. మార్పు లేదు.